పాట కట్టింది ఎవరు?

రెండు సంవత్సరాల క్రిందట డిసెంబరు నెలలో మా పాస్టరేటులోని ఒక పల్లెలో జరిగిన సంగతి ఇది. ఊరి పేరు, మనుషుల పేర్లు రాయము. రాస్తే ఒక ఆడబిడ్డకు రెండవసారి కీడు చేసినవారమవుతాము.

ఆ పల్లెలో ఒక యౌవనస్థుడు ఉన్నాడు. డిగ్రీ మధ్యలో మానుకొని, మన అనంతపురం పిల్లలు చాలామంది చేసినట్టే బెంగుళూరుకు సెంట్రింగ్ పనికి పోయి వస్తుంటాడు. వేరుశనగ విత్తే కాలంలోను, పెరికే కాలంలోను తండ్రికి సాయంగా ఇల్లు చేరుతాడు. అతని దగ్గర ఎప్పుడూ ఒక నోటుపుస్తకం ఉంటుంది. సండే స్కూలు పిల్లలకు క్రిస్మస్ నాటిక రాసేది అతడే. బేత్లెహేము గొల్లల చేత మన సీమ యాసలో మాట్లాడించి, ఎండిపోయిన బోర్ల గురించీ అప్పుల గురించీ తగవులు పెట్టించి అందరినీ నవ్వించేవాడు. ఆ గొల్లలే చివరకు పశువుల తొట్టి దగ్గరకు వచ్చేసరికి ముసలమ్మలు కొంగులతో కళ్ళు తుడుచుకొనేవారు. మా ప్రసంగాలకు అంత ఫలితము మేము ఎన్నడూ చూడలేదు.

ఆ సంవత్సరం క్యారల్స్‌కు తిరిగే రాత్రులలో, ఒక ఇంటి నుండి మరొక ఇంటికి నడిచేటప్పుడు జట్టువారిని నవ్వించడానికి అతడు చెక్కభజన వరుసలో ఒక వేళాకోళపు పాట కట్టాడు. మొగుణ్ణి బెంగుళూరులో వదిలి పుట్టింటికి వచ్చిన ఒక స్త్రీ మీద పాట. పేరు పెట్టలేదు. అయితే ఆ ఊళ్ళో బిడ్డను చంకనేసుకొని పుట్టింటికి వచ్చి, కుట్టు మిషను మీద బ్రతుకుతున్నది ఒక్కతే. జట్టులో ఎవరో సెల్‌ఫోనులో పట్టారు. వారం తిరగకముందే ఆ పాట చుట్టుపక్కల పల్లెలకు, బెంగుళూరులో మనవాళ్ళు పనిచేసేచోట్లకు, అక్కడ నుండి ఆమె భర్త చెవికి చేరింది.

ఆమె ఎందుకు తిరిగి వచ్చిందో మాకు తెలుసు. ఆమె వీపు మీది దెబ్బలు అమ్మగారు చూశారు. (సంఘమంతా మా ఇంటిదానిని అమ్మగారు అని పిలిచి పిలిచి మాకూ అదే అలవాటయ్యింది.) పాట కట్టినవానికి ఆ సంగతి తెలియదు. తెలుసుకోవాలని అతడు ఎవరినీ అడగలేదు కూడా.

క్రిస్మస్ ఆరాధనకు ఆమె రాలేదు. కొత్త సంవత్సరపు ఆరాధనకూ రాలేదు. మేము ఆ యౌవనస్థుణ్ణి పిలిపించి అడిగాము. తల వంచుకొని నిలబడ్డాడు. "అయ్యగారూ, రాయాలని రాయలేదు. నడుస్తా ఉంటే అట్లొచ్చేసింది" అన్నాడు.

ఆ మాట ఎక్కడో విన్నట్టే అనిపించింది గాని ఆ రోజు గుర్తుకు రాలేదు.

వెంటనే సంఘ పెద్దలు కూడుకున్నారు. ఆ కూటమిలో ఏమేమి అడిగారో మాకు బాగా జ్ఞాపకము. చెక్కభజన వరుస అన్యుల వరుస కాదా? క్యారల్స్‌కు పోయినప్పుడు నవ్వులాట ఏమిటి? అసలు పుస్తకంలో లేని పాటలు మన పిల్లలు ఎందుకు పాడాలి? అందరూ మంచి ఉద్దేశముతోనే అడిగారు. పది నిమిషాలలో తీర్మానమైంది. ఇకమీదట నాటికలు లేవు, సొంతంగా కట్టిన పాటలు లేవు. మేము సంతకము చేశాము. ఇల్లు చేరి అమ్మగారికి చెబితే ఆమె అడిగిన మాట ఒక్కటే. "ఆ పిల్ల గురించి మినిట్స్‌లో ఏమి రాశారు?"

ఏమీ రాయలేదు. వరుస గురించి, నవ్వు గురించి, పుస్తకం గురించి రాశాము. గాయపడిన మనిషి ఆ కాగితంలో ఎక్కడా లేదు.

ఆ రాత్రి నిర్గమకాండము తీశాము. అప్పుడు గుర్తుకు వచ్చింది ఆ మాట ఎక్కడిదో. ముప్పది రెండవ అధ్యాయములో మోషే కొండ దిగివచ్చి బంగారు దూడను చూచి తన అన్నను నిలదీస్తాడు. జనులు బంగారము ఇచ్చారు, దానిని అగ్నిలో వేశాను, ఈ దూడ బయటికి వచ్చింది అంటాడు అహరోను. తనంతట తానే వచ్చిందట! ఇరవై వచనాల ముందే, అతడు ఆ బంగారము తీసికొని పనిముట్టుతో రూపము చెక్కాడని స్పష్టంగా రాసి ఉన్నది. ఈ భాగము మీద మేము ఎన్నిసార్లు ప్రసంగించామో లెక్క లేదు. ప్రతిసారీ విగ్రహారాధన గురించే చెప్పాము. చేసినదానిని చేయలేదన్న ఆ సాకు మీద ఒక్కసారి కూడా నిలువలేదు.

దానికి ఒక్క అధ్యాయము ముందు ఏమున్నదో చూడండి. బెసలేలు అనే పనివాణ్ణి దేవుడు పేరుపెట్టి పిలిచి, తన ఆత్మతో నింపానని సెలవిస్తున్నాడు. దేనికి నింపాడు? ప్రవచించడానికి కాదు, యుద్ధానికి కాదు. బంగారము, వెండి, ఇత్తడి పని చేయడానికి, రత్నాలు సానబట్టడానికి, చెక్క చెక్కడానికి, విచిత్రమైన పనులు కల్పించడానికి. ధర్మవరంలో మగ్గం గుంటలో కూర్చొని పట్టుచీర అంచుకు కొత్త బుటా కల్పించే నేతగాడు ఈ అధ్యాయము చదివితే, ఇది తన సంగతే అనుకొంటాడు. ఒక అధ్యాయములో ఆత్మతో నిండిన చేతులు, మరుసటి అధ్యాయములో దూడను చేసిన చేతులు. బంగారమూ అవే జనుల చెవుల నుండి, మెడల నుండి వచ్చినది. దూడను చూచి భయపడి బంగారపు పనిని దేవుడు మాన్పించలేదు. ఆ తరువాతనే ముప్పది అయిదవ అధ్యాయములో మోషే బెసలేలును జనుల యెదుట నిలిపి పనికి పంపుతాడు. మేము చేసిన తీర్మానము మాత్రము వేరు.

ఇంకా వెనుకకు వెళితే ఆదికాండము రెండవ అధ్యాయము. దేవుడు జంతువులను ఆదాము దగ్గరకు తెచ్చి, అతడు వాటికి ఏ పేరు పెడతాడో చూడాలని నిలిచాడట. పేర్ల పట్టీ రాసి ఇచ్చి చదవమనలేదు. అదే అధ్యాయములో ఒక్క చెట్టు విషయమై కట్టడ కూడా ఉన్నది. ఆ రెండూ ఒకే తోటలో ఉన్నాయి. మన సంఘాలలో కట్టడ గురించి వినని ఆదివారము లేదు గాని, పేర్లు పెట్టనిచ్చిన దేవుని గురించి ఎప్పుడు విన్నామో పాఠకులే చెప్పాలి.

ఆ ఫిబ్రవరిలో ఒక గృహ ప్రార్థన నిమిత్తము కదిరి దాటి గాండ్లపెంట వైపు పోయినప్పుడు దారిలో కటారుపల్లెలో ఆగాము. ఇప్పుడది శ్రీ సత్యసాయి జిల్లాలో ఉన్నది గాని, మా తరానికి అనంతపురం జిల్లాయే. వేమన సమాధి అక్కడ ఉన్నది. ఒక పాస్టరుకు అక్కడ ఏమి పని అని మీరు అడుగుతారేమో. మా పెద్దలలో ఒకరు సామెతల గ్రంథములోని వచనాల కంటె వేమన పద్యాలే ఎక్కువ అప్పజెబుతారు, అది తెలిసే అడుగుతున్నారని మేము నవ్వుకుంటాము.

వేమన ఏ కాలంవాడో పండితులు ఒక్క మాట మీద లేరు. పదిహేడవ శతాబ్దము అనేవారు ఎక్కువ. యౌవనంలో వేశ్యాలోలుడై తిరిగి, తరువాత సర్వము విడిచినవాడని కథలు చెబుతారు. మన తాడిపత్రిలో పుట్టిన కె.వి.రెడ్డి 1947లో నాగయ్యతో తీసిన 'యోగి వేమన' చిత్రము పాతతరం వారికి తెలుసు. కథ ఎంతవరకు నిజమో గాని పద్యాలు నిలిచాయి. ఏటా సగటున 550 మిల్లీమీటర్లు మించి వాన పడని ఈ నేలలో దొరికే వస్తువులే ఆయన పద్యాల నిండా ఉన్నవి. ఉప్పు, రాయి, కుక్క, గాడిద, కుండ. పండితులు చాలాకాలము ఆయనను కవిగా లెక్కించలేదు. 1820లో కడపకు వచ్చిన సి.పి.బ్రౌన్ దొర తాళపత్రాలు పోగుచేయించి, పాఠాలు సరిచూపించి, 1829లో ఇంగ్లీషు అనువాదముతో కూడా ఆ పద్యాలు అచ్చువేయించాడు. ఆయన తండ్రి డేవిడ్ బ్రౌన్ కలకత్తాలో పరిచర్య చేసిన పాదిరి. ఆ తరువాత నూరేండ్లకు, 1928లో, కంబదూరు దగ్గర రాళ్ళపల్లిలో పుట్టిన అనంతకృష్ణశర్మగారు అనంతపురంలోనే వేమన మీద వరుసగా ఉపన్యాసాలు ఇచ్చారు. శర్మగారు సంప్రదాయ పండితుడు, గొప్ప సంగీత విద్వాంసుడు. వేమన ఎగతాళి చేసిన ఆచారాల మధ్య పెరిగినవాడు. అయినా ఆయనను గౌరవించి మాట్లాడారు. ఆ ఉపన్యాసాలు పుస్తకమయ్యాయి.

మనవాళ్ళు బజారు సువార్తలో వేమనను బాగా వాడుకున్నారు. రాతిపూజ మీద, కులము మీద, పైపై ఉపవాసాల మీద ఆయన విసిరిన మాటలు ఎదుటివారి మీదికి విసరడానికి అనువుగా ఉంటాయి. పైకి భక్తి, లోపల మలినము అన్న మాట మన కానుకల పళ్ళెము వైపు కూడా చూస్తుందని మాత్రము అనుకోలేదు.

అలాగని వేమన పేర ఉన్నదంతా మంచిదని మేము చెప్పము. స్త్రీల మీద ఆయన పేర చలామణి అయ్యే కొన్ని పద్యాలు మన ఆడపిల్లల ముందు చదవలేము. అవి ఆయనవో, తరువాతివారు కలిపినవో పండితులు తేల్చుకోవాలి. ఎవరివైనా, అవి గాయపరిచేవే. స్వేచ్ఛగా పలికిన నోరు కాబట్టి పలికినదంతా శుద్ధమని వాదించేవారితో మేము ఏకీభవించము. మా పల్లెలోని పాట కూడా స్వేచ్ఛగా పుట్టినదే గదా.

కటారుపల్లెలో నిలబడి మేము ఆలోచించినది వేరొకటి. వేమన ప్రతి పద్యము చివర తన పేరు పెట్టుకున్నాడు. రాజును తిట్టినా, గురువును తిట్టినా, తన్ను తాను తిట్టుకున్నా, ఇది అన్నవాడిని నేనే అని చివర నిలబడ్డాడు. దానివలన వచ్చినది ఏదైనా తన మీదికే వచ్చింది. మా యౌవనస్థుని పాటలో ఏ పేరూ లేదు, ఆమెదీ లేదు, అతనిదీ లేదు. అందుకే అది అంత వేగంగా పరుగెత్తింది. దాని వెల మొత్తము ఆమె చెల్లించింది.

ధర్మవరం దగ్గర నిమ్మలకుంటలో తోలుబొమ్మలు చేసే కుటుంబాలు ఉన్నవి. ఆ ఊరి దళవాయి చలపతిరావుగారికి 2020లో పద్మశ్రీ ఇచ్చారు. మేకతోలును శుభ్రం చేసి, పలుచగా అయ్యేదాకా గీకి, రంగులు వేసి, సన్నని చిల్లులు కొడతారు. దీపపు వెలుగు ఆ చిల్లులలో నుండే నగలవలె మెరుస్తుంది. ఇప్పుడు ఆట తగ్గి దీపపు గూళ్ళు, అలంకరణ వస్తువులు చేసి అమ్ముకుంటున్నారు. ఆ ఆటలో రామాయణ కథ నడుస్తుండగా కేతిగాడు, బంగారక్క మధ్యలో దూరి నోటికి వచ్చినదెల్లా మాట్లాడుతారు. బూతు కూడా ఉంటుంది. మా చిన్నప్పుడు ఆ ఆట చూడబోతే ఇంట్లో దెబ్బలు పడేవి. అన్నది బొమ్మే గదా, నేను కాదు గదా అని ఆడించేవాడు తప్పించుకోవచ్చు. కాని తెర వెనుక కూర్చున్నది ఎవరో ఊరందరికీ తెలుసు. తెల్లవారితే అదే ఊళ్ళో ముఖము చూపించాలి. సెల్‌ఫోనుకు ఆ తెల్లవారడము లేదు.

ఇక మన ఇంటి సంగతికి వస్తాము. కళాకారునికి అడ్డుపడడములో క్రైస్తవ సంఘము ఎవరికీ తీసిపోలేదు. గుర్రం జాషువాగారిని తలుచుకోకుండా ఈ వ్యాసము ముగించడం మాకు న్యాయముగా తోచలేదు. 1895లో వినుకొండలో క్రైస్తవ కుటుంబములో పుట్టారు. కులము పేర సభలలో అవమానాలు పొందారు. బ్రతుకుతెరువుకు రాజమండ్రిలో మూకీ సినిమాలకు కథ చదివి వినిపించే పని కూడా చేశారు. అది చాలదన్నట్టు, హిందూ పురాణ కథల మీద కావ్యాలు రాస్తున్నాడని క్రైస్తవ పెద్దలే ఆయనను వెలివేశారని ఆయన జీవితము రాసినవారు చెబుతారు. మా తీర్మానములోని మాటలకు, ఆ పెద్దల మాటలకు ఎంత దూరమున్నది? వరుస ఎవరిది, కథ ఎవరిది అని అడిగారు. ఆ కావ్యము ఎవరి కన్నీరు తుడుస్తున్నదని అడగలేదు.

1932లో వచ్చిన 'ఫిరదౌసి'లో ఆయన పారసీక కవి కథ చెప్పారు. పద్యానికొక బంగారు నాణెము ఇస్తానని మాట ఇచ్చి, తీరా మహాకావ్యము పూర్తయ్యాక మాట తప్పిన సుల్తాను కథ అది. 1941 నాటి 'గబ్బిలము'లో అంటరానివాడొకడు తన మొర కాశీలోని శివునికి చేర్చమని గబ్బిలముతో చెప్పి పంపుతాడు. మనిషికి గుడిలోకి ప్రవేశము లేదు, గబ్బిలానికి ఉన్నది. మొర శివునికి చెప్పుకోవడమేమిటి, ప్రభువుకు చెప్పరాదా అని మనవారు కొందరు ఇప్పటికీ అడుగుతారు. ఆ తలుపు ఎవరి ముఖము మీద మూసి ఉన్నదో వారు మరచిపోయారని మా అభిప్రాయము. చివరకు ఎవరిని సంఘము దూరము పెట్టిందో ఆయనే 'క్రీస్తు చరిత్ర' రాశారు. దానికి 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమానము వచ్చింది. సంఘము తెరవని తలుపు ఆ కావ్యము తెరిచింది. ప్రభువు కథ మన గడప తొక్కని ఇండ్లలోనికి పోయింది.

వరుస సంగతి కూడా చెప్పి ముగిస్తాము. మన ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకము తెరవండి. పాటల పైన రాగము, తాళము పేర్లు ఉంటాయి. అవి ఎవరి రాగాలు? పురుషోత్తమ చౌదరిగారు పందొమ్మిదవ శతాబ్దములో ఆ రాగాలలో కట్టినవి మనము కన్నులు మూసుకొని పాడుకుంటున్నాము. ఆనాటి పెద్దలు పది నిమిషాలలో తీర్మానము చేసి ఉంటే మన నోట పాట ఉండేది కాదు.

గుడ్ ఫ్రైడే ముందు వారము ఆ యౌవనస్థుణ్ణి మళ్ళీ పిలిపించి, అహరోను మాట చదివించాము. చదివి చాలాసేపు ఊరకున్నాడు. "నేనే కట్టినా, అయ్యగారూ. రెండు రాత్రులు కూర్చొని చరణాలు సరిచేసినా" అన్నాడు. అప్పుడు మేము కూడా మా సంతకము సంగతి అతనికి చెప్పాము. ముగ్గురము, అమ్మగారు కూడా, ఆమె ఇంటికి పోయాము.

ఆమె తండ్రి మంచము వేశాడు గాని మాట్లాడలేదు. చాలాసేపటికి "పాయిన మాటను యాడ పోయి తెచ్చేది నాయనా" అన్నాడు. అతడు క్షమించమని అడిగాడు. ఆమె కుట్టు మిషను మీద నుండి లేవలేదు. పని ఆపి అతని వైపు చూచి ఇట్లా అన్నది. "పాట బాగా కట్టినావు. మర్చిపోదామన్నా నా నోట్లోనే తిరుగుతా ఉంది. గుడ్డ కుడతా కుడతా పల్లవి అందుకుంటా. అదే నా బాధ." తరువాత అడిగింది. "రాసేటప్పుడు ఒక్కసారన్నా నేను గుర్తొచ్చినానా?"

అతడు జవాబు చెప్పలేకపోయాడు. మేము కూడా ప్రార్థన చేసి వచ్చేశాము. ఆ ప్రార్థనలో ఏమి పలికామో ఇప్పుడు గుర్తు లేదు.

తీర్మానము మార్చడానికి సంవత్సరము పట్టింది. పెద్దలు ఏడుగురిలో ముగ్గురు ఇప్పటికీ ఒప్పుకోలేదు. వారిమీద మాకు కోపము లేదు. కొత్త తీర్మానములో రెండే మాటలు రాయించాము. నాటిక గాని పాట గాని ఎవరు రాసినా కింద పేరు రాయాలి. బ్రతికి ఉన్న మనిషి సంగతి అందులో ఉంటే ముందు ఆ మనిషిని అడగాలి. ఇది కూడా సరిపోతుందో లేదో తెలియదు. ఇటువంటి నియమము జాషువాగారి వంటివారికి అడ్డము కాదా అని ఒక ఉపాధ్యాయుడు మమ్మల్ని అడిగాడు. ఆయన మాటలో న్యాయమున్నది. రాజులను, ధనవంతులను, మమ్మల్ని గురించి రాసేటప్పుడు అనుమతి అడగనక్కరలేదని అతనికి నోటిమాటగా చెప్పాము. కాగితము మీద అది ఎట్లా రాయాలో మాకు ఇంకా తోచలేదు.

ఆమె ఇప్పుడు పక్క ఊరి సంఘానికి పోతున్నది. మా సంఘానికి తిరిగి రాలేదు.

సంవత్సరమున్నర అతడు నోటుపుస్తకము ముట్టలేదు. పోయిన నెల ఒక నాటిక తెచ్చి మా బల్ల మీద పెట్టాడు. నజరేతులో మరియమ్మ నీళ్ళకు పోతే, ఊరి ఆడవాళ్ళు చేద పక్కన పెట్టి గుసగుసలాడుకొనే దృశ్యముతో మొదలవుతుంది. మేము రెండుసార్లు చదివాము. చివరి పేజీలో అతని పేరు, తండ్రి పేరు, తేదీ ఉన్నవి. వేయించేదా అని అడిగితే, "నేను ముందు ఆమెకు ఇచ్చి వచ్చినా అయ్యగారూ. ఇది రెండో కాపీ" అన్నాడు.

ఆమె ఇంకా ఏమీ చెప్పలేదు. డిసెంబరు వచ్చేదాకా చూద్దామన్నాము.